నల్లాకు వరి నాలుక

మొన్న ఆదివారం మా మనవడు సైన్సు రికార్డు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. ఒక పేజీలో గడ్డి మొక్క, ఎదుటి పేజీలో చిక్కుడు మొక్క అంటించి భాగాల పేర్లు రాయాలట. అంటించాడు, పేర్లూ రాశాడు. కానీ పేజీలో పట్టలేదని రెండింటి వేళ్లూ కత్తిరించి పారేశాడు. వేరు లేని మొక్కకు "వేరు" అని బాణం గుర్తు మాత్రం గీశాడు. నాకు అసలే కోపం ఎక్కువ. "వేళ్లేవిరా?" అంటే చెత్తబుట్టలో ఉన్నాయన్నాడు. నేను వెళ్లి చెత్తబుట్టలో చెయ్యి పెట్టి వెతుకుతుంటే కోడలు కంగారుపడి పరుగెత్తుకొచ్చింది.

వేళ్లు దొరికాయి. చిక్కుడు వేరుకు ఆవగింజలంత బుడిపెలు ఉన్నాయి. గడ్డి మొక్కను చేతిలోకి తీసుకోగానే నా బొటనవేలు దానంతట అదే ఆకు మెడ దగ్గరికి పోయింది. ఆకు కాండాన్ని వదిలి బయటికి వంగే చోటు అది. పుస్తకంలో దానికేదో పేరు ఉంది. నాకు మాత్రం అది మా నాయనమ్మ నేర్పిన చోటు. ఆ వేలిని అక్కడే ఉంచి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

మా ఊరు పేరు చెప్పను, చెప్పినా ఇప్పుడు ఎవరికీ తెలియదు. భద్రాచలం నుంచి చర్ల పోయే దారిలో బస్సు దిగి, బండి బాట పట్టుకుని అడవి వైపు నడిస్తే వచ్చేది. ఒక పక్క గోదావరి, ఒక పక్క టేకు, ఇప్ప, వెదురు. వానాకాలం బాట తెగిపోతే మూడు నెలలు బయటి మనిషి వచ్చేవాడు కాదు. ఉప్పు, కిరసనాయిలు ముందే తెచ్చి పెట్టుకునేవాళ్లం. నాన్న అడవి శాఖలో చిన్న ఉద్యోగం మీద ఎక్కడెక్కడో తిరిగేవాడు. ఇంట్లో నాయనమ్మ, పెద్దనాయన, అమ్మ, నేను. పెద్దనాయన భార్య చనిపోయాక మళ్లీ పెళ్లి చేసుకోలేదు. వ్యవసాయమంతా ఆయన చేతి మీదే నడిచేది, ఒక్క మడి తప్ప.

ఆ మడి నాయనమ్మది. బావి వెనక అరెకరం ఉంటుంది. అందులో ఆమె నల్లాకు వరి వేసేది. నేలకొండపల్లి వైపు పుట్టింటి నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చేటప్పుడు కొంగున కట్టుకుని తెచ్చిన వడ్లట అవి. మొలక నుంచి కోత దాకా ఆకు వంకాయ రంగులో ఉండేది. చుట్టూ పచ్చటి పొలాల నడుమ ఆ ఒక్క మడి మాత్రం మబ్బు కమ్మినట్టు కనిపించేది. బియ్యం మీద సన్నటి ఎర్ర జీర. అన్నం ఉడుకుతుంటే వచ్చే వాసన నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. వానకు తడిసిన ఇప్పచెట్టు బెరడు, వేయించిన పెసలు కలిస్తే ఎలా ఉంటుందో కొంచెం అలా ఉండేది.

ఆ వడ్లకు దిగుబడి తక్కువ. కోస్తా నుంచి వచ్చి గోదావరి ఒడ్డున భూములు కొన్న రైతులు అప్పటికే పొట్టి రకాలు వేసి గాదెలు నింపుతున్నారు. పెద్దనాయనకు వాళ్లతో స్నేహం. ఆ అరెకరంలో కూడా కొత్త విత్తనం వేద్దామని ఏటా అడిగేవాడు. నాయనమ్మ ఏటా ఒకే మాట చెప్పేది.

"నా కండ్లు పనిచేసినన్ని దినాలు ఆ మడి నాది. నా కండ్లతోని విత్తనం ఏరుకోలేని ఏడు నువ్వు తీస్కో."

విత్తనం ఏరడం అంటే ఆ రోజుల్లో మాటలు కాదు. కోతకు ముందు మడి అంతా తిరిగి, వేరే రకం కలిసిన దుబ్బుల్ని పీకేసి, బలమైన కంకుల్ని విడిగా కోసి దాచాలి. నల్లాకు మడిలో ఆకు పచ్చబడిన దుబ్బు ఒక్కటి మిగిలినా వచ్చే ఏడు పది అవుతాయి. ఆ పని ఆమె ఎవరికీ ఇచ్చేది కాదు.

ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. పెద్ద పొలం నారుమడిలో కలుపు తీయడానికి గూడెం నుంచి ఆడవాళ్లు వచ్చారు. నేను బడి ఎగ్గొట్టి వాళ్లతో దిగాను. బురదలో పిక్కల దాకా కాళ్లు కూరుకుపోతుంటే అదో సంబరం. మధ్యాహ్నానికి నా చేతిలో పెద్ద కట్ట పోగయింది. అందరికన్నా ఎక్కువ కలుపు నేనే తీశానని ఒడ్డు మీద కూర్చున్న నాయనమ్మకు తీసుకెళ్లి చూపించాను.

ఆమె కట్టలోంచి ఒక మొక్క తీసి, ఆకు వంచి, మెడ దగ్గర బొటనవేలితో తడిమింది. ఇంకొకటి తీసింది. ఇంకొకటి. తర్వాత తల కొట్టుకుంది. నేను పీకిందంతా వరి నారు. వదిలేసిందంతా ఊద గడ్డి. రెండూ చిన్నప్పుడు ఒకేలా ఉంటాయి. ఊద పెరిగి కంకి వేసేదాకా పట్టుకోలేం, అప్పటికి అది వరిని తినేసి ఉంటుంది.

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది. వరికి ఆకు మెడ దగ్గర తెల్లటి పల్చటి నాలుక ఉంటుంది, దాని రెండు పక్కలా సన్నటి వెంట్రుకలతో రెండు చెవులు ఉంటాయి. ఊదకు నాలుకా లేదు, చెవులూ లేవు. మెడ నున్నగా ఉంటుంది.

"మాట్లాడేదాన్ని పీకి మూగదాన్ని ఉంచినవే" అని గట్టిగా నవ్వింది. కలుపు తీసేవాళ్లంతా నడుం ఎత్తి నవ్వారు. ఆ రోజు నుంచి గూడెం ఆడవాళ్లు నన్ను ఊదమ్మా అని పిలవడం మొదలుపెట్టారు. నీళ్లు అడిగినా ఊదమ్మే, దారిలో ఎదురైనా ఊదమ్మే. పదేళ్ల పిల్లకు అంతకన్నా అవమానం ఉండదు. నాయనమ్మ మీద కసి పెట్టుకున్నాను. ఆమెను కూడా ఒక్కసారైనా అందరి ముందు తప్పు పట్టించాలని లోలోపల రగిలిపోయేదాన్ని.

ఆమెకు నా కసి సంగతి తెలియదు. నాకు చదువు చెబుతున్నట్టు ఆ రోజు నుంచి కొత్త ఆట మొదలుపెట్టింది. ఇద్దరం కళ్లు మూసుకోవాలి. నేను అంతకుముందే పీకి తెచ్చిన మొక్కను తడిమి పేరు చెప్పాలి. తుంగ అయితే కాడ వేళ్ల మధ్య దొర్లదు, మూడు మూలలు తగులుతాయి. గరిక అయితే కణుపు కణుపుకూ వేరు ఉంటుంది. జొన్న ఆకు అంచు వేలిని గీరుతుంది. జొన్నా, వరీ, చెరుకూ, గరికా, ఆఖరికి మా పెరటి వెనక ఆకాశానికి లేచిన వెదురూ అన్నీ ఒకే కులమని ఆమె చెబితే నేను నమ్మలేదు. వెదురు కణుపు చుట్టూ అంటుకున్న ఒరను ఊడబీకి నా చేతికిచ్చి, జొన్న కణుపు మీద ఒరను ఇంకో చేతికిచ్చింది. కళ్లు మూసుకుంటే రెండూ ఒకటే. పెద్దా చిన్నా తప్ప తేడా లేదు.

ఆ వానాకాలం తిండి అంతా ఇప్పటికీ నోట్లో ఉంది. గూడెం నుంచి లేత వెదురు కొమ్ములు వచ్చేవి. అమ్మ వాటిని సన్నగా తరిగి, రెండు నీళ్లు పారబోసి, పచ్చిమిర్చి వేసి వండేది. అమ్మది కోస్తా వైపు. మొదట్లో ఆ వాసనకు ముక్కు మూసుకునేదట, తర్వాత ఆమె చేతి కూరకే ఊళ్లో పేరొచ్చింది. జొన్న గటకలో మజ్జిగ పోసుకుని ఆ కూర నంజుకుంటే ఇంక పిలిచినా పలికేవాళ్లం కాదు.

కాయజాతి మొక్కల పాఠం చేను మీద జరిగింది. పెసర చేలో ఒక మొక్క పీకించి వేరు తడమమంది. వేళ్ల నిండా గింజల్లాంటి బుడిపెలు తగిలాయి. పురుగు గుడ్లనుకుని చీ అని విసిరేశాను. ఆమె మళ్లీ తెప్పించి, ఒక బుడిపెను గోళ్ల మధ్య చిదిపి అడిగింది. "లోపల రంగేందో చెప్పు బిడ్డా."

ఎర్రగా ఉందని చెప్పాను. ఎర్రగా ఉంటే భూమికి బలం పెడుతోందని, తెల్లగా ఉంటే ఇంకా రాలేదని, ఆకుపచ్చగా అయితే అయిపోయిందని చెప్పింది. పెసర కోశాక వేళ్లు భూమిలోనే వదిలెయ్యాలట, పీకితే పాపమట. గడ్డి తీసుకునే కులం, పప్పు ఇచ్చే కులం అని ఆమె లెక్క. కందికి మూడు ఆకులు కలిసి ఒక ఆకు. తొడిమ మొదట్లో చిన్న ఉబ్బు ఉంటుంది, పొద్దుగూకితే అక్కడే వంగి ఆకులు ముడుచుకుంటాయి. పువ్వు చేతిలో పెట్టి రేకులు విప్పమనేది. పైన పెద్దది ఒకటి, రెక్కల్లా రెండు, అడుగున పడవలా అతుక్కున్న రెండు. పడవను విప్పితే లోపల దారమంత కాయ. అంత చిన్న కాయను తినేసేదాన్ని. అనప ఆకులు కోసి, బట్టకు అంటుకునే గరుకుతనం ఉంటుంది కదా వాటికి, కలుపు తీసేవాళ్ల వీపుల మీద అంటించి పారిపోయేదాన్ని. ఊదమ్మ అన్నందుకు అది నా పగ.

ఇప్పుడు తల్చుకుంటే అన్నీ తెలుస్తాయి. ప్రతి మొక్కకూ రంగు నన్నే అడిగేది. ఒడ్డు మీద నడిచేటప్పుడు జారుతోందని నా భుజం పట్టుకునేది, ఎండాకాలంలో కూడా. బియ్యంలో రాళ్లు ఏరడం నడుం నొప్పి అని అమ్మకు అప్పగించింది. ఒకసారి పోస్టు మనిషి గడపలోకి రాగానే, పెద్దనాయన అనుకుని, ఎండనబడి వచ్చినవా కొడుకా, కాళ్లు కడుక్కో అంది. అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది. నాకు అప్పుడు ఏమీ అర్థం కాలేదు. అర్థం కాలేదని ఇన్నేళ్లుగా నాకు నేనే సర్ది చెప్పుకుంటున్నాను, కానీ అది కూడా పూర్తి నిజం కాదేమో. కళ్లు మూసుకుంటేనే ఆమెకు ఆట సులువని నాకు ఎక్కడో తెలుసు.

ఆ వానాకాలంలోనే ఒకరోజు బడిలో మా సైన్సు సారు గడ్డి మొక్క పాఠం చెప్పాడు. నాయనమ్మ నాలుక అన్నదాన్ని పుస్తకంలో జిహ్విక అంటారని తెలిసి నాకు గర్వం వచ్చింది. దానితోపాటు ఒక ఉపాయం కూడా వచ్చింది. నాలుక, చెవులు చూసే కదా ఆమె వరిని పట్టేది. అవి లేకపోతే?

సాయంత్రం బావి వెనక మడికి వెళ్లి ఒక నల్లాకు పిలక కోశాను. ఆకు వంచి, మెడ దగ్గర నాలుకను గోరుతో గీకేశాను. చెవులు గిల్లేశాను. వెంట్రుక కూడా మిగలకుండా తుడిచాను. అరుగు మీద పెద్దనాయన, ఆయనతో టీ తాగుతున్న కోస్తా రైతు, గుంజకు ఆనుకుని నాయనమ్మ, లోపల గుమ్మం దగ్గర అమ్మ. నాకు కావలసిన జనం ఉన్నారు.

ఇదేందో చెప్పు నాయనమ్మా అని చేతికిచ్చాను. ఆమె సంబరంగా, నేను నేర్పిన పిల్ల చూడండి అన్నట్టు అందరి వైపూ ముఖం తిప్పింది. తర్వాత బొటనవేలు మెడ దగ్గర పెట్టింది.

"ఊద. ఒడ్డు మీద పారెయ్" అంది.

నేను చప్పట్లు కొట్టాను. ఓడిపోయావు, ఓడిపోయావు అని గెంతాను. నాతో ఎవరూ నవ్వలేదు. పెద్దనాయన గ్లాసు కింద పెట్టాడు. ఇంకా వెలుతురు ఉంది. వంకాయ రంగు ఆకు ఆమె చేతిలో వేలాడుతోంది. కళ్లున్న పసిపిల్ల కూడా దాన్ని ఊద అనదు.

"అమ్మా" అన్నాడు పెద్దనాయన మెల్లగా. "అది నీ నల్లాకే."

ఆమె మళ్లీ తడిమింది. వేలు ఒకచోట ఆగింది, అక్కడే ఉండిపోయింది. నా వైపు ముఖం తిప్పింది, కానీ చూపు నా మీద కాదు, నా పక్కన గోడ మీద పడింది.

"అవ్. ముసలిదాన్ని, పొరపాటు పడ్డ" అంది.

అప్పటికి నా గెంతులు ఆగిపోయాయి. కోస్తా రైతు లేచి వెళ్లిపోయాడు. పెద్దనాయన ఆమె ముందు గొంతుక్కూర్చుని, ఎన్నాళ్ల నుంచి కనబడడం లేదని అడిగాడు. పోయిన చలికాలం నుంచి ఒక కన్ను పూర్తిగా పోయిందని, రెండో దానిలో వెలుతురు, నీడ మాత్రం తెలుస్తున్నాయని ఒప్పుకుంది. ఎందుకు చెప్పలేదంటే గుంజ వైపు ముఖం తిప్పుకుంది. ఎందుకో ఆయనకూ తెలుసు. చెబితే మడి పోతుంది. ఆమె మాటే ఆమెకు అడ్డం పడింది.

భద్రాచలం దవాఖానాలో ఆపరేషన్ చేస్తారని ఆయన అన్నాడు. వెళ్లనంది. పక్క ఊరి ముసలామె ఒకరు పోయి వచ్చినా చూపు రాలేదని ఆమె భయం. మూడో రోజు పొద్దున ఆమే పిలిచి చెప్పింది.

"ఈ ఏడు విత్తనం తీసినంక వస్త. కండ్లొస్తె మడి నాది. రాకపోతె నీ ఇష్టం కొడుకా."

పెద్దనాయన సరే అన్నాడు. ఆయన మాట తప్పే మనిషి కాదు. కానీ అంత వయసులో కళ్లు వస్తాయని ఆయన నమ్మలేదు. ఆ సంగతి తర్వాత నాకు ఆయనే చెప్పాడు.

అలా ఆ ఏడు విత్తనం ఏరడానికి ఆమెకు నేను కళ్లయ్యాను. కార్తీకంలో మంచు పడుతుండగా మూడు పొద్దులు ఆ మడిలో తిరిగాం. నేను ముందు, నా భుజం మీద చెయ్యి వేసి ఆమె వెనక. ప్రతి దుబ్బు దగ్గరా ఆగి ఆకు రంగు చెప్పేదాన్ని. పచ్చగా ఉంటే పీకించేది. నల్లగా ఉంటే వంగి తాను తడిమేది. పిలకలు లెక్కపెట్టేది, కంకి మెడ వంచి బరువు చూసేది, గింజ చిదిపి వాసన చూసేది. ఇది కొయ్యి, ఇది వద్దు అనేది. ఒక్క దుబ్బు దగ్గర కూడా విసుక్కోలేదు. నేను మాత్రం చలికి విసుక్కున్నాను.

మూడో పొద్దున, మడి ఇంకో నాలుగు సాళ్లు ఉందనగా, ఏదీ అడగకుండానే అంది. "ఆనాడు నాలుక గోరుతోని గీకినవ్ గదా."

గోరు గాటు బొటనవేలికి తగిలిందని, పచ్చిగా ఉందని, రెండోసారి తడిమినప్పుడే తెలిసిందని చెప్పింది. మరి అందరి ముందు ఎందుకు చెప్పలేదని ఏడుస్తూ అడిగాను.

"చెప్తె నిన్ను కొట్టేటోళ్లు. నాకు కండ్లొచ్చేటియా? పోనీ తియ్, గీ దుబ్బు రంగు చెప్పు."

నల్లగానే ఉందని చెప్పాను. నిజంగా నల్లగానే ఉంది.

కోసిన కంకుల్ని కాళ్లతో తొక్కి, చాటతో తూర్పారబట్టి, రెండు బస్తాల విత్తనం తీశారు. మడిలో మిగతా కొద్దిపాటి పంట సంక్రాంతి లోపే కూలికీ, ఇంటి తిండికీ అయిపోయింది. ఆ గడ్డితోనే తాడు పేని, దాన్నే చుట్టలు చుట్టి, లోపల వడ్లు పోసి, పైన పేడ అలికి చిన్న పురి కట్టించింది. పురి కడుతున్నంతసేపూ పక్కనే కూర్చుని చేత్తో తడుముతూ, ఇక్కడ సందుంది, ఇక్కడ గట్టిగా చుట్టు అని చెబుతూనే ఉంది. సంక్రాంతి దాటాక బస్సెక్కింది.

దవాఖానా పక్కన ఒక గది కిరాయికి తీసుకున్నాం. అమ్మ, నేను అక్కడే. నన్ను రానివ్వనంటే నేను బస్సు చక్రం ముందు కూర్చున్నాను. ఆపరేషన్ అయ్యాక రెండు కళ్లకూ గుడ్డ కట్టి, తల కదపొద్దని, వారం దాకా గట్టివి నమలొద్దని చెప్పారు. కదలకుండా వెల్లకిలా పడుకుని ఉండేది. పక్క మంచం వాళ్లను అడిగి వాళ్ల ఊళ్లో ఏం పండుతుందో తెలుసుకునేది. కుసుమంచి నుంచి వచ్చిన ఒక ముసలాయనతో కంది రకాల మీద గంటసేపు వాదించింది. అమ్మ గదిలో కిరసనాయిలు పొయ్యి మీద అన్నం మెత్తగా వండి, పెసరకట్టు కాచి గిన్నెలో ఇచ్చేది. నేను తీసుకెళ్లి ముద్దలు చేసి పెట్టేదాన్ని.

నాలుగో రోజుకు మేం తెచ్చుకున్న బియ్యం అయిపోయాయి. పెద్దనాయన ఊరి నుంచి ఒక సంచి తెచ్చి గదిలో దించి, తల్లిని చూసి, సాయంత్రం బస్సుకే వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోతోంది. అమ్మతో ఏదో చెప్పాడు. అమ్మ సంచి మూతి విప్పి చూసి అలాగే నిలబడిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం గిన్నె మూత తీస్తుంటే వాసన వచ్చింది. పక్క మంచాల వాళ్లు కూడా తల తిప్పారు. నాకు ఆకలి వేసింది తప్ప ఇంకేమీ తోచలేదు. మొదటి ముద్ద ఆమె నోట్లో పెట్టాను. ఆమె నమలడం ఆపింది. గుడ్డ కింద ముఖం ఎలా ఉందో నాకు కనబడలేదు.

"ఈ బియ్యం యాడియి?"

అమ్మ గుమ్మం దగ్గరే ఉంది. దగ్గరికి వచ్చి మంచం పట్టె పట్టుకుంది.

"బావగారు తెచ్చారండీ. మీకు ఈ అన్నమంటే ఇష్టమని, ఒంట్లో బాగోలేనప్పుడైనా తృప్తిగా తినాలని, పురి విప్పి వడ్లు మొత్తం మర పట్టించారంట. సగం మనకు, సగం మీరు ఇంటికొచ్చాక అని. నాకు నిన్ననే తెలిసింది అత్తయ్యా. ఎలా చెప్పాలో తెలియలేదు."

ఆయన ప్రేమతో చేశాడు. తల్లికి కళ్లు రావని నమ్మి, రాని కళ్ల కోసం విత్తనం దాచడం ఎందుకు, ఉన్నన్నాళ్లు ఇష్టమైంది తిననీ అనుకున్నాడు. ఆ వడ్లు ఆయనకు అన్నం. ఆమెకు విత్తనం. ఆ తేడా ఆయనకు ఆ రోజుల్లో ఎవరు చెప్పినా ఎక్కేది కాదు. బియ్యమైపోయినదాన్ని మళ్లీ వడ్లు చేసే దారి లేదు.

పక్క మంచం ముసలాయన ఏమైందని అడిగితే, ఏం లేదు, అన్నం బాగుందని నాయనమ్మ చెప్పింది. తర్వాత చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది.

"వానికి ఏం చెప్పకున్రి. పాపం, నా కోసమని తెచ్చిండు. పెట్టు బిడ్డా, సల్లారుతది."

నేను పెట్టాను. ప్రతి ముద్దనూ నెమ్మదిగా, నాలుక మీద తిప్పుకుంటూ తిన్నది. మధ్యలో నీళ్లు అడగలేదు. పెసరకట్టు వద్దంది, ఉత్త అన్నమే పెట్టమంది.

గుడ్డ విప్పిన రోజు ఆమెకు చూపు వచ్చింది. మందపాటి అద్దాలు పెట్టుకుని, గోడ మీద బల్లిని చూసి చిన్నపిల్లలా నవ్వింది. పెద్దనాయన ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. మడి నీదే అమ్మా అన్నాడు. ఆమె సరే అంది. ఆ వానాకాలం ఆ మడిలో అందరూ వేసే పొట్టి వరే వేసింది, పచ్చటి ఆకుది. చూసి చూసి కలుపు తీసింది. ఇంకా తొమ్మిదేళ్లు బతికింది. నల్లాకు మాట ఆయన ముందు ఒక్కసారి కూడా ఎత్తలేదు. పట్టించి ఇంట్లో ఉంచిన మిగతా సగం బియ్యం ఆ ఎండాకాలంలోనే అయిపోయింది.

బంధువులు వచ్చినప్పుడల్లా నా అల్లరి కథ చెప్పుకుని నవ్వేవాళ్లు. ఈ పిల్ల పుణ్యమే, లేకపోతే ముసలామె గుడ్డిదై పోయేదనేవాళ్లు. అది కూడా నిజమే. ఆ పొగడ్త విన్నప్పుడల్లా నేను లేచి లోపలికి పోయేదాన్ని. నాయనమ్మ నా వెనకే చూసేది, ఆ అద్దాల్లోంచి, నేరుగా నన్నే.

పెళ్లై వచ్చాక నేలకొండపల్లి వైపు ఎన్నోసార్లు వెళ్లాను. వంకాయ రంగు ఆకు వరి ఎవరి దగ్గరైనా ఉందేమోనని అడిగాను. పాతవాళ్లు ఒకరిద్దరు ఉండేదన్నారు, చూపించలేకపోయారు. ఇప్పుడు అడగడం మానేశాను. మా ఇంట్లో ఆ వరికి ఆఖరు ఎవరని అడిగితే పెద్దనాయన పేరు చెప్పడం నాకు ఇష్టం ఉండదు. ఆయన పురి మాత్రమే విప్పాడు. దాన్ని ముద్దలు చేసి, ఒక్కొక్కటే, గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆమె నోట్లో పెట్టింది నేను.